డప్పునకు ఓవర్‌హెడ్ మైకు అక్కరలేదనువారికి

కొండగట్టు అంజన్న వెలసిన మల్యాల మండలమునందును, ఆ చుట్టుపట్లనున్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములయందును, పెండ్లికైనను చావునకైనను, బోనములకైనను పీర్ల పండుగకైనను, మల్లన్న పట్నములకైనను మ్రోగక తీరని డప్పును, ఒగ్గు డోలును నేడు పట్టణములలోని చిన్న స్టూడియోలవారు విరివిగా రికార్డు చేయుచున్నారు. ఒకప్పుడు ఊరి పొలిమేర దాటినంతనే గాలిలో కలిసిపోయిన దరువు ఇట్లు నిలిచియుండుట ఎంతయు సంతోషింపదగిన విషయము. అయినను ఆ రికార్డులలో అధికభాగమును చెవియొగ్గి వినువానికి ఒక వెలితి తోచక మానదు. దెబ్బ వినబడును గాని డప్పు వినబడదు. ఆరుగురు వాయించిన జాడ యున్నను, ఆ ఆరుగురు ఒకచోట నిలిచి ఒకరినొకరు వినుచు వాయించిరన్న నమ్మకము కలుగదు. ఈ వెలితికి వాయించువారిని నిందించుట అన్యాయము. పరికరముల పేదరికమును నిందించుటయు వృథా. మైకుల ఎంపికను గూర్చి మనలో పాతుకొనిపోయిన ఒక తప్పు సిద్ధాంతమే దీనికి మూలమని నా నిశ్చయము. ఆ సిద్ధాంతమును ఖండించుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

మొదట పూర్వపక్షమును దాని పూర్ణబలముతో చెప్పుట ధర్మము. ఆ పక్షమువారు ఇట్లందురు: వాద్యములకు ఎత్తున వ్రేలాడదీయు ఓవర్‌హెడ్ మైకులు పాశ్చాత్యుల డ్రమ్ము సెట్టులోని కంచు పళ్ళెరముల కొరకు పుట్టినవి, మన డప్పునకు పళ్ళెరములు లేవు, కావున ఆ మైకుల అవసరమును లేదు. ఒక్కొక్క డప్పునకు ఒక్కొక్క మైకును తోలు దగ్గర నిలిపినచో దెబ్బ స్పష్టముగా వచ్చును, బయటి రొద రాదు, తరువాత ఎవరి ధ్వనిని ఎంత ఉంచవలెనో మన చేతిలో నుండును. ఇంకను మేలు కావలెనన్నచో వాయించువారిని ఒక్కొక్కరినే లోపలికి పిలిచి వేరువేరు ట్రాకులలో ఎత్తుకొనవచ్చును. ఒకవేళ ఓవర్‌హెడ్ మైకు పెట్టవలసియే వచ్చినయెడల, గాయకుల కొరకు కొన్న పెద్ద పొర గల ఖరీదైన మైకు ఉండనే యున్నది. వెల యెక్కువైనదే వినికిడిలోను ఎక్కువైనది. ఇదియే వారి వాదము. ఇందలి ప్రతి మెట్టును పరీక్షింతము.

ఓవర్‌హెడ్ మైకులు పళ్ళెరముల కొరకే అనుమాట వాటి పుట్టినింటిలోనే చెల్లదు. లెడ్ జెప్పెలిన్ అను ఆంగ్ల వాద్యబృందము తన మొదటి ఆల్బమును 1968లో లండనులోని ఒలింపిక్ స్టూడియోలో ధ్వనిబద్ధము చేసినప్పుడు, ఇంజనీరు గ్లిన్ జాన్స్ డ్రమ్ము సెట్టంతటికిని మూడు నాలుగు మైకులకు మించి వాడలేదు. ఒక మైకు వాద్యముల మీదుగా ఎత్తున నిలిచినది. రెండవది వాయించువాని కుడిప్రక్కన, నడుమనున్న స్నేరు డ్రమ్మునుండి మొదటిదెంత దూరమో అంతే దూరమున నిలిచినది. సమస్త వాద్యమును ఆ రెండే విన్నవి; మిగిలినవి తోడు మాత్రమే. అదే బృందము 1971లో వెలువరించిన నాల్గవ ఆల్బములోని కడపటి పాటకు గ్లిన్ తమ్ముడు ఆండీ జాన్స్ ఇంకను సాహసించి, హెడ్లీ గ్రేంజ్ అను పాతభవనపు మెట్ల సావడిలో జాన్ బోనం డ్రమ్ములను నిలిపించి, పైమెట్లనుండి రెండు బేయర్‌డైనమిక్ ఎం 160 రిబ్బన్ మైకులను వ్రేలాడదీసెను. తోలు దగ్గర మైకు లేదు. ఆ ధ్వని గాంభీర్యమును అనుకరింపవలెనని నేటికిని లోకమంతట ఇంజనీర్లు యత్నించుచునే యున్నారు. ఎత్తునుండి విను మైకు పళ్ళెరములకు మాత్రమే పుట్టినదైనచో, మద్దెల మ్రోతకు ప్రఖ్యాతి నొందిన ఆ రికార్డు ఎట్లు పుట్టెను?

పోనిండు, మన వాద్యబృందములలో కంచు లేదనుట మాత్రము నిజమా? ఒగ్గుకథ చెప్పు బృందమును చూచినవా రెవ్వరును అట్లనరు. డోలు ప్రక్కన కంచు తాళములు మ్రోగుచుండును, కాళ్ళ గజ్జెలు పలుకుచుండును, నపీర నడుమనడుమ ఊదబడుచుండును. వేములవాడ ప్రాంతపు హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములుగాని, సంగీత నాటక అకాడమీ పురస్కారము పొందిన చుక్క సత్తయ్యగాని కథ నడుపునప్పుడు, మాటకు డోలును, డోలునకు తాళమును, తాళమునకు గజ్జెయు బదులుచెప్పుటలోనే ఆ కళయొక్క ప్రాణము నిలిచియుండెను. డోలునకు మాత్రమే మైకు నానించువాడు ఆ బదులులలో సగమును చెవినబెట్టక విడిచినవాడగును.

ఇక అసలైన ప్రశ్నకు వత్తము. డప్పు ధ్వని ఎక్కడ నున్నది? దెబ్బ తగిలిన చోటనే యున్నదని దగ్గర మైకువారి నమ్మకము. చర్మవాద్య శాస్త్రము దీనిని అంగీకరింపదు. బిగించిన గుండ్రని పొర ఒకే విధముగా కంపింపదు. మూలకంపనమును ఒకటిగా తీసికొన్నచో, దానిపైనివి 1.59, 2.14, 2.30 అను నిష్పత్తులలో లేచును. సి. వి. రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో వ్రాసిన చిన్న లేఖలో, మృదంగ తబలాదులకు నడుమ పూయు నల్లని కరణి ఈ విషమ నిష్పత్తులను సరిచేసి శ్రుతిబద్ధము చేయుచున్నదని నిరూపించెను. డప్పునకు ఆ కరణి లేదు. దాని కంఠము ఆ విషమస్వరముల సమ్మేళనమే. ఈ కంపనములలో ఒక్కొక్కటి తోలుయొక్క ఒక్కొక్క భాగమును ఊపును. ఒకదానికి నడిమిభాగము ఎగసిపడునప్పుడు, మరియొకదానికి అదే నడిమిభాగము నిశ్చలముగ నుండును. మూరెడు వెడల్పు గల తోలునకు రెండంగుళముల దూరమున నిలిచిన మైకు, గోడకు ముక్కానించి నిలిచినవానికి ఇంటి ఆకారము తెలియనట్లు, తన యెదుటి జానెడు తోలును మాత్రమే యెరుగును. అన్ని కంపనములును గాలిలో కలిసి ఒక్క కంఠమగుటకు కనీసము ఆ వాద్యపు వెడల్పంత దూరమైనను కావలయును; రెండు మూడింతలైన మరియు మేలు. వాకిట నిలిచి డప్పు విను మనుష్యుడు వినునది ఆ కలిసిన కంఠమునే.

దగ్గర మైకు మరియొక దోషమును కూడ తెచ్చును. దిశనుబట్టి విను మైకును ధ్వనిమూలమునకు మిక్కిలి చేరువ చేసినప్పుడు మంద్రధ్వని సహజముగా నున్నదానికంటె ఉబ్బును. దానిని తగ్గించుటకు ఇంజనీరు మీటలు త్రిప్పును. త్రిప్పినకొలది, కుడిచేతి కర్రయగు సిర్ర దెబ్బయొక్క కండయు తరుగును. అప్పుడు దానిని పెంచుటకు మరియొక మీట. ఇట్లు రోగమును తానే కలిగించి తానే చికిత్స చేయుచు, దీనినే నైపుణ్యమనుకొనుట విచారకరము.

అంతకంటెను ముఖ్యమైనది, డప్పు కళాకారుడు కుర్చీలో కూర్చుండి వాయించువాడు కాడు. కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టి, అడుగు వేయుచు, వంగుచు, తిరుగుచు వాయించును. చిందు లేని డప్పు లేదు. ఒగ్గు డోలువారి విన్యాసములు చెప్పనక్కరలేదు. నడుమునకు డోలు కట్టుకొని ఎగురుచు, ఒకరి భుజములపై నొకరు నిలుచుచు వాయింతురు. ఇట్టి వాద్యమునకు 5 సెంటీమీటర్ల దూరమున మైకు నిలిపినప్పుడు వాయించువాడు ఇంకొక 5 సెంటీమీటర్లు వెనుకకు జరిగెనా, దూరము రెండింతలై ధ్వని 6 డెసిబెళ్ళు పడిపోవును. అదే మైకు మీటరున్నర యెత్తున నున్నయెడల ఆ జరుగుడువలన కలుగు భేదము డెసిబెలులో మూడవవంతునకు కూడ చాలదు. ఏ చెవియు దానిని కనిపెట్టజాలదు. చిందు మానుమని కళాకారుని శాసించుటకంటె మైకును పైకి జరుపుట సులభమును, న్యాయమును గాదా? మైకును చట్రమునకే బిగింతుమని కొందరందురు. అట్లు బిగించినచో చట్రపు అదటు, చేతి రాపిడి, పట్టీ కిర్రు అన్నియు ధ్వనిలో చేరును.

అయితే ఓవర్‌హెడ్ అన్నంతమాత్రమున నడినెత్తిన వ్రేలాడదీయుట అని తలపరాదు. ఈ విషయమున మన వాద్యములు డ్రమ్ము సెట్టువంటివి కావు. ఇక్కడ పరదేశపు పుస్తకమును గ్రుడ్డిగా అనుసరించువాడును పొరపడును. డప్పు ఒకవైపు మాత్రమే తోలు మూసిన చట్రము, వెనుకభాగము తెరచియుండును. తోలు ఊగునప్పుడు ముందరి గాలి ఒత్తుకొన్న క్షణముననే వెనుకటి గాలి పలుచబడును. ఈ రెండు వ్యతిరేక తరంగములును చట్రపు అంచు తలమున కలిసికొని, ముఖ్యముగా మంద్రధ్వనుల విషయమున, ఒకదాని నొకటి హరించును. రొమ్మునకు చేర్చి నిలువుగా పట్టిన డప్పునకు నడినెత్తి ఆ అంచు తలములోనే పడును. అచ్చట మైకు నుంచి, ధ్వని పలుచబడినదని చూచి, ఓవర్‌హెడ్ పద్ధతియే మనకు పనికిరాదని తీర్మానించువారు కలరు. వారు నిందింపవలసినది పద్ధతిని గాదు, స్థానమును. మైకును వాయించువారి యెదుటికి తెచ్చి, తలలకంటె ఎత్తున నిలిపి, తోలు ముఖములవైపు ఏటవాలుగా వంచినచో మంద్రము తిరిగి వచ్చును. సిటికెన పుల్ల పలుకులును విడివిడిగా వినవచ్చును. డోలు విషయము వేరు. అది రెండు ముఖముల వాద్యము, నడుమునకు అడ్డముగా వ్రేలాడును. ఒక ముఖమున పుల్ల, రెండవ ముఖమున అరచేయి పలుకును. ఏ ఒక ముఖమున మైకు నిలిపినను రెండవది చిన్నబోవును. ముందు నడిమి భాగమున ఎత్తున నిలిచిన ఒకే మైకు రెండు ముఖములను సమదూరమున, సమగౌరవముతో వినును.

ఇప్పుడు వెల సంగతి. పెద్ద పొర మైకులయెడ నాకు అగౌరవము లేదు. 1949లో జర్మనీలో వెలువడిన నాయ్‌మన్ యు 47 మొదలుకొని అట్టివి మానవకంఠమునకు చేసిన సేవ అపారము. కాని గాయకుడు మైకునకు ఎదురుగా ఒక్కడే నిలుచును. ఓవర్‌హెడ్ మైకునకు అర్ధచంద్రాకృతిగా నిలిచిన బృందమంతయు, ప్రక్కలనుండి సైతము, వినబడవలయును. అంగుళము, అనగా సుమారు 25 మిల్లీమీటర్ల వెడల్పు గల పొర ప్రక్కనుండి వచ్చు తారధ్వనులను సమముగా వినజాలదు. ఏలయన పది వేల హెర్ట్జుల ధ్వనితరంగపు పొడవు మూడున్నర సెంటీమీటర్లకు లోబడియే యుండును, తరంగము పొర వెడల్పునకు సమీపించినకొలది మైకు చూపు సన్నగిలును. అందుచేత ఎదుటివాని దెబ్బ పదునుగను, చివరివాని దెబ్బ మబ్బుగను వచ్చును. చిన్న పొర కండెన్సర్ మైకునందు ఈ దోషము తక్కువ. ఓవర్‌హెడ్ పనికి తరతరములుగ వాడబడుచున్న నాయ్‌మన్ కె.ఎం. 84, ఎ.కె.జి. సి 451 మొదలైనవన్నియు చిన్న పొరవే. కాబట్టి అడుగవలసిన ప్రశ్న ధరను గూర్చినది కాదు: ఈ మైకు ప్రక్కల నెట్లు వినును? గట్టి దెబ్బకు పగులక ఎంత ఒత్తిడి నోర్చుకొనును? ఒకే రకపు మైకులు రెండు, ఒకే తీరున వినునవి, దొరకునా? ఈ మూటికిని తృప్తికరముగా సమాధానము చెప్పు తక్కువ వెల జంట, సమాధానము చెప్పజాలని ఒంటరి ఖరీదు మైకుకంటె మన పనికి శ్రేష్ఠము.

ఇతర జాతుల మైకులను గూర్చియు ఒక మాట. రిబ్బన్ మైకు సిర్ర దెబ్బ కరకుదనమును మెత్తపరచును. కాని ఆ జాతి మైకులలో పెక్కు వెనుకనుండియు అంతే వినును గనుక పైకప్పు ప్రతిధ్వనిని కూడ తెచ్చును, వాకిటి గాలికి దాని పలుచని రేకు చెడును. అన్ని దిశల సమముగా విను మైకునందు దగ్గర ఉబ్బు లేదు, గాలి తాకిడికి అది తక్కువ చలించును. ఆరుబయట చేయు రికార్డునకు అది ఉత్తమము, కాని మ్రోగు గదిలో దానికి మరుగు లేదు. ఊరి సభలలో కనబడు డైనమిక్ మైకు తోడుగా దగ్గర నిలుపుటకు చాలును. దూరమున దానికి సూక్ష్మధ్వనులు అందవు.

వేరువేరు ట్రాకుల వాదము నన్ను అన్నిటికంటె ఎక్కువ బాధించుచున్నది. డప్పును వాయించుటకు ముందు మంటకు కాపుదురు; వేడికి తోలు బిగిసి శ్రుతి పైకి లేచును, చల్లారినకొలది దిగిపోవును. బృందమంతయు ఒకే మంట చుట్టు చేరి ఒకేసారి కాచుకొన్న డప్పులు ఒకే శ్రుతిలో లేచి ఒకే శ్రుతిలో దిగును. ఒక్కొక్కరిని గంటకొకరిగా లోపలికి పిలిచి, ప్రతివానిచే మరల మరల కాపించి, ఆ ముక్కలను తరువాత అతికినచో ఆ సామ్యము ఎక్కడనుండి వచ్చును? దరువు మార్చునప్పుడు ముందు నిలిచినవాని చూపు, భుజము కదలిక, అడుగు వేగము చూచి తక్కినవారందుకొందురు. చెవులకు తగిలించిన యంత్రపు టిక్కు టిక్కు ఆ చూపునకు బదులు కాజాలదు. 1950 దశకమున మద్రాసు స్టూడియోలలో వాద్యబృందమంతయు ఒకే హాలులో కూడి, గాయకునితో కలిసి, కొద్దిపాటి మైకుల ముందు వాయించిన పాటలను మనము నేటికిని తనివితీర వినుచున్నాము; ట్రాకుల కొరత వాటి అందమునకు అడ్డు రాలేదు.

ప్రతిపక్షమువారి ఆక్షేపణలలో రెండు మాత్రము బలమైనవి. వాటిని దాటవేయుట న్యాయము కాదు. మొదటిది బయటి రొద. సిరిసిల్లలో వేలాది మరమగ్గముల చప్పుడు నడుమ దూరపు మైకు ఏమి వినగలదని వారడుగుదురు. మగ్గముల గోడ ప్రక్కనే రికార్డు చేయుమని నేననను. కాని కాగిన డప్పుపై పడిన గట్టి దెబ్బ, మీటరున్నర దూరమున సైతము, వంద డెసిబెళ్ళను సులభముగా దాటును. ఓ మోస్తరు వీధి సందడి అరువదింటికి అటునిటుగా నుండును. నలుబది డెసిబెళ్ళ అంతరమున్నచోట భయమేల? వీణకును వేణువునకును తగిన జాగ్రత్తను డప్పునకు తెచ్చిపెట్టుటవలననే ఈ భయము పుట్టినది.

రెండవది పైకప్పు. పది అడుగుల స్లాబు క్రింద మైకును ఎత్తున పెట్టినచో, పైకప్పును తాకి తిరిగివచ్చిన ధ్వని అసలు ధ్వనితో కలహించును. ఇది నిజము. మైకు స్లాబునకు ముప్పది సెంటీమీటర్ల క్రింద నున్నప్పుడు, క్రిందినుండి లేచిన ధ్వని పైకి పోయి మరలుటకు అరువది సెంటీమీటర్లు అదనముగా పయనించును. అందువలన సుమారు 285 హెర్ట్జుల దగ్గర ధ్వని క్షీణించును, అచ్చటనే డప్పు కండ కొంత యున్నది. పలుచని బొంత కట్టినచో తారధ్వనులే తగ్గును గాని ఈ గుంట పూడదు. కావున ఆ గదిలో మైకును క్రిందికి, ముందునకు తేవలయును. లేదా గదినే విడువవలయును. మన ప్రాంతమున పాత పెంకుటిండ్ల వాలు కప్పులు, విశాలమైన వాకిళ్ళు, పల్లె చివరి చెట్ల నీడలు ఇంకను మిగిలియున్నవి. తలపై స్లాబు లేని వాకిలి వేలు పోసి కట్టిన చిన్న గదికంటె ఈ పనికి మెరుగు. మైకులకు గాలి తొడుగు వేసి, వేకువ నిశ్శబ్దమున పని చేసికొన్న చాలును.

ఇట్లు పూర్వపక్షమును తీర్చిన పిమ్మట సిద్ధాంతమును చెప్పెదను. బృందమును అర్ధచంద్రాకృతిగా, వారు మామూలుగా నిలుచు తీరుననే నిలుపవలయును. వారి యెదుట, తలలకంటె రెండు మూడు అడుగులెత్తున, ఒకే రకపు చిన్న పొర కండెన్సర్ మైకులు రెంటిని ఏటవాలుగా వంచి నిలుపవలయును. ఆ రెంటిని 17 సెంటీమీటర్ల ఎడముతో, 110 డిగ్రీల కోణముతో, ఫ్రెంచి రేడియోవారు ప్రవేశపెట్టిన తీరున అమర్చినచో, మనిషి చెవుల ఎడమునకు దగ్గరై, ఎవడెచ్చట నిలిచెనో వినువానికి తోచును. వేరువేరుగా దూరమున నిలుపదలచినచో, బృందనాయకుని డప్పునుండి రెంటికిని దూరము సమమగునట్లు ఒక దారముతో కొలువవలయును; ఆ దూరములలో 17 సెంటీమీటర్ల భేదమున్నను, రెంటిని ఒకటిగా కలిపినప్పుడు వెయ్యి హెర్ట్జుల దగ్గర ధ్వని హరించును. ఒంటరి డోలునకు ఒక మైకు చాలును. గట్టి దెబ్బకును కొంత వెసులుబాటు మిగులునట్లు మోతాదును తక్కువగా నుంచవలయును. నేటి యంత్రములలో తరువాత పెంచుకొనుటకు అడ్డులేదు, పగిలిన దెబ్బను మాత్రము అతుకుటకు ఉపాయము లేదు. ఇదంతయు కుదిరిన తరువాత, కావలెనన్నచో, నాయకుని డప్పునకు ఒక దగ్గర మైకును తోడుగా పెట్టవచ్చును. అది ఉప్పువంటిది, అన్నము కారాదు. కడపట ఒక్క పరీక్ష: మైకు నిలువదలచిన చోట ముందు మనము నిలిచి వినవలయును. అచ్చట మన చెవికి దరువు నిండుగా తోచనియెడల ఏ మైకు తెచ్చినను తోచదు.

ఇంత చెప్పుట మైకుల మీది మోహమువలన గాదు. తరములుగా ఈ ఊళ్ళకు పుట్టుకను, చావును, పండుగను చాటిన చేతులు ఎవరివో మనమెరుగుదుము. ఊరు వారిని దూరము పెట్టిన దినములలోను వారి డప్పు లేక ఊరికి గడువలేదు. ఆ కళకు ఇప్పుడు రికార్డు రూపమున ఆయుస్సు దొరకినది. రేపు ఈ దరువులను నేర్చుకొనగోరు పిల్లవానికి మనమిచ్చునది ముక్కలు చేసి అతికిన చప్పుడా, కలిసి నిలిచిన బృందమా అను నిర్ణయము మైకు కాలును ఎక్కడ నాటుదుమో అక్కడ జరుగుచున్నది. జగిత్యాలలోను కోరుట్లలోను సిరిసిల్లలోను స్టూడియో నడుపు యువకులారా, ఈసారి బృందము వచ్చినప్పుడు దగ్గర మైకుల తీగలను కాసేపు ప్రక్కన పెట్టి, రెండు మైకులను ఎత్తున నిలిపి, వారందరిని కలిసి వాయింపుమని కోరుడు. అట్లు చేసిన రికార్డును, మీ పాత రికార్డును ప్రక్కప్రక్కన పెట్టి ఆ వాయించినవారికే వినిపింపుడు. ఏది తమ డప్పో వారు చెప్పుదురు. ఆ తీర్పునకు తలయొగ్గుటకు నేను సిద్ధముగా నున్నాను, మీరును సిద్ధపడవలయును.